రూటరు బైఠక్‌లో, చదువు లోపలి గదిలో

“మా ఇంట్లో ఫైబర్ కనెక్షను ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నాం. అయినా లోపలి గదిలో మా అమ్మాయి క్లాసు మాటిమాటికీ ఆగిపోతోంది. మావారు కువైట్‌లో ఉంటారు. డ్యూటీ ముగించుకుని అక్కడ రాత్రి 8 గంటలకు, అంటే ఇక్కడ 10:30కి, వీడియో కాల్ చేస్తారు. ముఖం కనబడుతుంది, మాట వినబడదు. మాట వినబడితే ముఖం కదలదు. 200 ప్లానుకు మారితే అంతా సర్దుకుంటుందని అందరూ అంటున్నారు. మారమంటారా?”

రాయచోటి నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశమిది. పేర్లు, ఊళ్ళు మారుతున్నాయే గాని ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో చాలావాటి సారాంశం ఇదే. కనుక ఈ నెల సమాధానం ఆమెకు రాస్తున్నప్పటికీ అందరికీ వర్తిస్తుంది.

సోదరీ, ఇప్పుడే మారవద్దు. ప్లానుకు నెలనెలా మీరు చెల్లించే అదనపు సొమ్ము వీధి నుండి మీ గుమ్మం దాకా వచ్చే దారిని వెడల్పు చేస్తుంది. గుమ్మం నుండి లోపలి గది దాకా ఉన్న దారి మునుపటిలాగే ఇరుకుగా ఉండిపోతుంది. ఇబ్బంది ఏ దారిలో ఉందో తెలుసుకోకుండా డబ్బు ఖర్చు పెట్టడం వివేకం కాదు.

తెలుసుకోవడం కష్టమేమీ కాదు. రూటరుకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఫోనులో స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన అంకెను కాగితంపై రాసుకోండి. తరువాత వసారాలో, వంటగదిలో, మీ అమ్మాయి పుస్తకాలు పరచుకుని కూర్చునే చోట, మీరు ఫోను పట్టుకుని మీవారితో మాట్లాడే చోట అదే పరీక్ష చేయండి. పగటిపూట ఒకసారి, ఇషా నమాజు తరువాత ఇంకొకసారి. రూటరు దగ్గర 90, లోపలి గదిలో 6 వచ్చిందనుకోండి, కంపెనీ ఇవ్వవలసింది ఇస్తోంది, ఇల్లే దానిని మింగేస్తోంది. రూటరు పక్కనే 10 వస్తుంటే మాత్రం అప్పుడు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. అయితే ఒక జాగ్రత్త. ఫోను పాత తరహా బ్యాండుపై ఉంటే రూటరు పక్కన కూర్చున్నా 40, 50 దాటకపోవచ్చు. అది లైను లోపం కాదు. లైనును నిజాయితీగా తూకం వేయాలంటే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ తీగతో రూటరుకు కలిపి చూడాలి, లేదా ఫోనును 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు మార్చి చూడాలి. ఈ బ్యాండ్ల సంగతి ముందు ముందు చెబుతాను.

మీ ఉత్తరంలో మరో మాట రాశారు: రూటరు బైఠక్‌లో, వీధి కిటికీ పక్కన ఉందని. మన ఇళ్ళలో చాలామటుకు అది అక్కడే ఉంటుంది. కారణం ఊహించడం కష్టం కాదు. కనెక్షను ఇచ్చిన రోజున కేబులు వేయడానికి వచ్చిన అబ్బాయి పరాయివాడు, ఇంట్లో ఆడవారు ఉన్నారు, అతణ్ణి బైఠక్ దాటి లోపలికి రమ్మనలేదు. అతడికీ అదే సులువు. కిటికీ చట్రంలో ఒక రంధ్రం, గోడకు రెండు మేకులు, అరగంటలో పని పూర్తి. పరదా పాటించడంలో ఆక్షేపణ ఏమీ లేదు. ఆక్షేపించవలసింది ఆ అరగంట కోసం చేసిన ఏర్పాటు మూడేళ్ళపాటు కదలకుండా ఉండిపోవడం. ఫలితం ఏమిటి? ఎప్పుడో వచ్చి గంటసేపు కూర్చుని వెళ్ళే అతిథులకు సిగ్నలు నిండుగా అందుతోంది. రోజంతా ఇంట్లో ఉండే స్త్రీలకు, లోపలి గదిలో ఇంటర్మీడియట్ చదువుకునే ఆడపిల్లకు గోడలు వడగట్టగా మిగిలినది అందుతోంది. ఆ పిల్ల వెనుకబడితే “దీనికి శ్రద్ధ లేదు” అంటాం. పెట్టె ఎక్కడ పెట్టామో చూడం.

ఇప్పుడు బ్యాండ్ల సంగతికి వద్దాం. డ్యూయల్ బ్యాండ్ రూటరు అంటే ఒకే పెట్టెలో రెండు రేడియోలు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్ వద్ద, మరొకటి 5 గిగాహెర్ట్జ్ వద్ద మాట్లాడుతుంది. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, రెండవదానిది 5 నుండి 6 సెంటీమీటర్లు. పొడవైన తరంగం గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, దూరం పోతుంది. పొట్టి తరంగం గోడ తగిలితే త్వరగా నీరసిస్తుంది. అడుగున్నర మందం రాతి గోడలున్న పాత ఇళ్ళలో, ఇనుప చువ్వలు పరచిన స్లాబు కింద ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గోడలు దాటగలిగేది 2.4 అయినప్పుడు 5 ఎందుకు అని అడగవచ్చు. కారణం రద్దీ. మన దేశంలో 2.4 బ్యాండులో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఉన్న పట్టీ మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. దానిలో 13 ఛానెళ్ళు ఉన్నాయంటారు గాని ఒక్కొక్కటి తన పక్కవాటి మీదికి ఒరిగి ఉంటుంది. ఒకదానికొకటి తగలకుండా వాడదగినవి మూడే: 1, 6, 11. ఇరుకు సందులో ఇల్లున్నవారు ఫోనులో వైఫై జాబితా తెరిచి చూస్తే పదిహేను, ఇరవై పేర్లు కనిపిస్తాయి. ఆ ఇరవై ఇళ్ళూ ఈ మూడు ఛానెళ్ళనే పంచుకుంటున్నాయి. బ్లూటూత్ పరికరాలూ ఈ పట్టీలోనే ఉన్నాయి. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 వద్ద పనిచేస్తుంది కనుక పక్క గదిలో బిర్యానీ వేడి చేస్తున్నంతసేపూ కాల్ తెగిపోవడం కొందరికి అనుభవమే.

5 బ్యాండు పరిస్థితి వేరు. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఈ ప్రాంతంలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు అవసరం లేకుండా వాడుకునేందుకు అనుమతించింది. అంటే 2.4 పట్టీకి ఏడు రెట్లకు పైగా చోటు. పైగా గోడలు దాటలేని దాని బలహీనతే ఇక్కడ మేలు చేస్తుంది: పక్కింటివారి 5 మీ ఇంట్లోకి పెద్దగా రాదు, మీది వారింట్లోకి పోదు. ఇది కొత్తగా పుట్టుకొచ్చిన విద్య అనుకోనవసరం లేదు. రెండు బ్యాండ్లకూ తొలి తరం ప్రమాణాలు 1999 నాటికే వచ్చాయి. చవకగా తయారైనందున 2.4 ముందు ఇళ్ళలోకి చేరింది, అంతే.

ఇక అంగడిలో వినబడే మాటల గురించి. “డ్యూయల్ బ్యాండ్ అంటే డబుల్ స్పీడు” అని అమ్మేవారు చెబుతారు. ఇది నిజం కాదు. పెట్టెపై ఏసీ1200 అని రాసి ఉంటే, 2.4 రేడియో గరిష్ఠ అంకె 300కు 5 రేడియో గరిష్ఠ అంకె 867 కలిపి, వచ్చిన 1167ను 1200గా పూరించారన్నమాట. సాధారణంగా ఒక ఫోను ఒక సమయంలో ఒక రేడియోతోనే మాట్లాడుతుంది. ఆ మొత్తం ఏ ఒక్కరికీ దక్కేది కాదు. విడివిడి అంకెలు కూడా గాలిలో సంధానపు వేగాలే, మన చేతికి అందేవి కావు. ఒకే యాంటెన్నా ఉన్న సాధారణ ఫోనుకు 2.4లో సంధానపు వేగం 72 చూపిస్తుంది, నిజంగా అందేది 40, 50. అదే ఫోను 5లో 433 చూపిస్తుంది, దానిలో సగానికి కొంచెం అటూఇటూగా అందుతుంది. అందుకే 100 ప్లాను తీసుకున్న ఇంట్లో 2.4పై ఉన్న ఫోను ఆ 100ను ఎన్నడూ చూడదు. 200 తీసుకున్నా చూడదు.

కొనేటప్పుడు చూడవలసిన మరో విషయం పెట్టె వెనుక ఉంటుంది. చవక రూటర్లలో కొన్నింటికి తీగ గుచ్చే పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. ముందువైపు 1200 అని పెద్ద అక్షరాలు, వెనుక ద్వారం మాత్రం 100. భవిష్యత్తులో పెద్ద ప్లాను తీసుకున్నా 94, 95 దాటదు. ‘గిగాబిట్ పోర్టులు’ అని స్పష్టంగా రాసి ఉన్నదే అడిగి తీసుకోండి. రంగు, ఆకారం, యాంటెన్నాల సంఖ్య చూసి మురిసిపోనక్కరలేదు. వైఫై 5 తరగతిది చాలు. వైఫై 6 రూటరు, ఫోను రెండూ ఉంటే రద్దీలో మరింత మేలు.

అయితే మీవారి కాల్ తెగిపోవడానికి కారణం వేగం తక్కువ కావడం కాకపోవచ్చు. వీడియో కాల్‌కు ఒకటి రెండు ఎంబీపీఎస్ చాలు. దానికి కావలసింది నిలకడ. వైఫై ఒక మజ్లిస్ వంటిది. ఒక ఛానెల్‌పై ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావారు ఆగాలి. దూరపు గదిలో బలహీనమైన సిగ్నలుతో ఉన్న పరికరం నత్తినత్తిగా మాట్లాడుతుంది. ఒక వాక్యానికి పది వాక్యాల సమయం తీసుకుంటుంది. అంతసేపూ అందరూ వేచి ఉండవలసిందే. రాత్రి 10:30కి మీ బైఠక్‌లో టీవీ సినిమా లాగుతోంది, అబ్బాయి ఫోను రోజంతా తీసిన ఫోటోలను పైకి పంపుతోంది, పక్క ఇళ్ళవారూ అదే ఛానెల్‌పై ఉన్నారు. కువైట్ నుండి వచ్చే గొంతు తన వంతు కోసం నిలబడి, ఆలస్యమై, ముక్కలుగా వినబడుతుంది. రెండు బ్యాండ్ల అసలు ప్రయోజనం ఇక్కడ ఉంది: ఒక మజ్లిస్‌ను రెండుగా విడదీయవచ్చు.

మీ ఇంటికి నేను చెప్పే ఏర్పాటు ఇది. కంపెనీ బిగించిన ఫైబర్ పెట్టెను బైఠక్‌లోనే ఉండనివ్వండి. ఫైబర్ తీగలో గాజుపోగు ఉంటుంది, ముడిచినా లాగినా విరుగుతుంది, దానిని మీరు కదిలించవద్దు. ఆ పెట్టె నుండి ఒక ల్యాన్ తీగను గోడ అంచు వెంబడి ఇంటి మధ్యకు, లోపలి గదుల తలుపులు కలిసే చోటికి తీసుకురండి. అక్కడ డ్యూయల్ బ్యాండ్ రూటరును పెట్టండి. ఈ తీగ 100 మీటర్ల వరకు సిగ్నలు తగ్గకుండా మోస్తుంది కనుక మన ఇళ్ళకు ఏ ఇబ్బందీ లేదు. కేటగిరీ 6 తీగ అడగండి. పూర్తి రాగిది కావాలని, రాగి పూత పూసిన అల్యూమినియంది వద్దని గట్టిగా చెప్పండి, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి. కొందరు పనివారు నాలుగే బిగించి వెళతారు. లైటు వెలుగుతుంది, పని జరుగుతుంది, వేగం 100 వద్ద ఆగిపోతుంది. కరెంటు తీగల గొట్టంలోనే దీనిని దూర్చనివ్వవద్దు.

పనివాడు వచ్చే రోజు ఇంట్లో మగవారెవరైనా ఉండేలా చూసుకోండి. మీవారు దూరంలో ఉన్నారు కనుక అన్నయ్యనో, మామగారినో రమ్మనండి. లోపలి గది ఒక పూట ఖాళీ చేసి, రూటరు ఏ చోట కావాలో ముందే గోడపై సుద్దతో గుర్తు పెట్టి ఉంచండి. చెప్పకపోతే అతడు మళ్ళీ తలుపు పక్కనే బిగిస్తాడు. ప్లాను పెంచితే తేడా సొమ్ము ప్రతి నెలా పోతుంది, తీగకు, రూటరుకు అయ్యే ఖర్చు ఒక్కసారితో సరి.

కొత్త రూటరును ‘యాక్సెస్ పాయింట్’ పద్ధతిలో పెట్టమని చెప్పడం మరువవద్దు. అలా చెప్పకపోతే పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ యజమానులమే అనుకుని ఎవరికి వారు చిరునామాలు పంచుతాయి. కొన్ని పరికరాలు ఒకదానినొకటి గుర్తించలేక సతాయిస్తాయి. పాత పెట్టెలోని వైఫైని ఆపేయవచ్చు. బైఠక్‌కు కొత్తది అందకపోతే దాన్ని వేరే ఛానెల్‌పై ఉంచుకోవచ్చు.

పెట్టే చోటు తల ఎత్తుకు పైన ఉండాలి. ఇనుప బీరువా వెనుక, టీవీ వెనుక, పెద్ద అద్దం పక్కన, ఫ్రిజ్‌పైన వద్దు. అందం కోసం అల్మారాలో దాచి తలుపు మూసేవారు ఉన్నారు. దీపాన్ని పెట్టెలో పెట్టి గదికి వెలుగు రాలేదనడం లాంటిదే ఇది. కడ్డీల్లాంటి యాంటెన్నాలు తమ పక్కలకు ఎక్కువగా, తమ కొసల వైపు తక్కువగా తరంగాలను విసురుతాయి. కనుక ఒకే అంతస్తు ఇంట్లో వాటిని నిటారుగా నిలబెట్టండి. మేడపైన కూడా కావాలంటే ఒకదానిని అడ్డంగా వాల్చండి. ఈ చిన్న మార్పుకు డబ్బేమీ కాదు. కొత్తది కొనే ముందు ఉన్న రూటరుకే చేసి చూడవచ్చు.

రెండు బ్యాండ్లకు ఒకే పేరు పెడితే ఏ ఫోను ఎక్కడ ఉండాలో రూటరూ ఫోనూ తమలో తాము తేల్చుకుంటాయి. ఇది సుఖమే, కాని ఎప్పుడూ సరిగ్గా తేల్చవు. గది మారినా పాత బ్యాండును పట్టుకుని వేళ్ళాడే ఫోనులు ఉన్నాయి. నా అభిప్రాయంలో మొదటి నెల రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టుకోవడం మంచిది. 5 దానికి పేరు చివర 5 అని చేర్చండి చాలు. అమ్మాయి ఫోను లేదా ల్యాప్‌టాప్, మీ ఫోను 5పై ఉండాలి. రూటరు ఇప్పుడు లోపలి గది పక్కనే ఉంది కనుక గోడల బెడద తీరినట్టే. ప్రింటరు, సీసీ కెమెరా, దాదీ దగ్గరి పాత ఫోను 2.4పై ఉండనివ్వండి. పాత ఫోనుల జాబితాలో 5 పేరు కనబడకపోతే దానిలో ఆ రేడియో లేదని అర్థం, రూటరును నిందించవద్దు. టీవీకి వీలైతే తీగే కలపండి. కదలని వస్తువుకు గాలిలో చోటు ఇవ్వడం దుబారా. అది గాలిలో నుండి తొలగితే ఇంటి వైఫైలో సగం పోరు తగ్గుతుంది. ఫోటోలు పైకి పంపే పనిని తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్న వేళకు మార్చుకోవచ్చు.

2.4కు ఛానెల్ వెడల్పు 20గా ఉంచి, 1, 6, 11లలో తక్కువ రద్దీ ఉన్నదానిని ఎంచుకోండి. మధ్యలో 3 ఖాళీగా ఉంది కదా అని అక్కడ కూర్చుంటే 1కీ 6కీ రెండింటికీ అడ్డుపడతారు, వారు మీకు అడ్డుపడతారు. 5లో వెడల్పు 80 ఉంచవచ్చు.

“తీగ లాగడం ఎందుకు, ఎక్స్‌టెండర్ కొంటే సరిపోతుంది కదా” అనేవారికి ఒక మాట. ఎక్స్‌టెండర్ విన్నదానిని తిరిగి చెబుతుంది. ఒకే బ్యాండుపై వినడం, చెప్పడం రెండూ చేయాలి కనుక వేగం సుమారు సగమవుతుంది. పైగా దానిని సిగ్నలు లేని గదిలో పెడతారు, తానే వినలేనిది ఇతరులకేమి చెబుతుంది? అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వని యజమాని ఉంటే తప్ప నేను దీనిని సూచించను. తప్పనిసరైతే రూటరుకూ ఆ గదికీ మధ్య, సిగ్నలు ఇంకా బాగున్న చోట పెట్టండి.

పాస్‌వర్డు గురించి చాలామంది మొహమాటపడతారు. పక్కింటి పిల్ల పరీక్షలకు చదువుకుంటానంటే కాదనలేరు, కాదనమని నేనూ అనను. కాని మీ ఇంటి పాస్‌వర్డు అందరి నోళ్ళలో నానితే, ఆ కనెక్షనుపై ఎవరో చేసిన పాడుపనికి విచారణ ముందుగా కనెక్షను ఎవరి పేరున ఉందో వారి తలుపు తడుతుంది. అందుకే రూటరులో ‘గెస్ట్ నెట్‌వర్క్’ అనే సదుపాయం ఉంటుంది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డు పెట్టి, దానినే ఇవ్వండి. పండుగకు చుట్టాలు వచ్చి వెళ్ళాక ఆ ఒక్కదానినే మార్చుకోవచ్చు. ఇంటిది కదిలించనక్కరలేదు. రక్షణ విభాగంలో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. రూటరు అమరికల పేజీకి కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డు కూడా మార్చండి. వైఫై పాస్‌వర్డు, ఇది రెండూ వేర్వేరు.

కరెంటు పోతే ఏమిటని కూడా అడిగారు. రూటర్లలో చాలావరకు 12 వోల్టులపై నడుస్తాయి. వాటి కోసం అరచేతిలో పట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనే ముందు రూటరు అడాప్టరుపై ఉన్న వోల్టులు, ఆంపియర్లు రాసుకుని వెళ్ళండి. ఒక్క సంగతి మాత్రం మరువవద్దు: ఇప్పుడు మీ ఇంట్లో రెండు పెట్టెలు ఉంటాయి. బైఠక్‌లోని ఫైబర్ పెట్టెకూ, లోపలి రూటరుకూ, రెండింటికీ యూపీఎస్ ఉండాలి. ఒక్కదానికే పెడితే లోపలి గదిలో వైఫై గుర్తు నిండుగా వెలుగుతుంది, కాల్ మాత్రం కలవదు.